గణక పట్టికలలో తేదీ

తేదీ అనునది ఒక ఒప్పందము. వ్రాయువారును చదువువారును ఒకే వరుసను పాటించినప్పుడే అది అర్థవంతమగును. తిరువూరు ప్రాంతమున భూమి గల కుటుంబములకు ఈ సంగతి క్రొత్త కాదు. రెవిన్యూ లెక్కలలో ఫసలీ 1435 అనగా 2025 జులై 1 మొదలు 2026 జూన్ 30 వరకు గల కాలము. ఉర్దూలో ‘ఫసల్’ అనగా పంట. ఏ లెక్క ప్రకారము వ్రాసిరో తెలియనిచో వట్టి అంకె వలన ప్రయోజనము లేదు.

నేడు కార్యాలయములందు వాడుకలోనున్న ఎక్సెల్ పట్టికలలోను ఇదే చిక్కు ఎదురగుచున్నది. మనము రోజు, నెల, సంవత్సరము అను వరుసలో వ్రాయుదుము. అమెరికా వారు నెలను ముందు వ్రాయుదురు. కంప్యూటరు అమెరికా అమరికలో నున్నచో, జులై 5 అను భావముతో మనము 05-07-2006 అని టైపు చేసినను, యంత్రము దానిని మే 7గా గ్రహించును. 25-07-2006 అని టైపు చేసినచో, ఇరువదియైదవ నెల లేదు గనుక, దానిని తేదీగా అంగీకరింపక గడిలో ఎడమవైపున వట్టి అక్షరములుగా నిలుపును. ఈ రెండవ దోషము కంటికి కనబడును. మొదటిది కనబడదు, కావున అదియే ఎక్కువ ప్రమాదకరము. ఉపకారవేతనపు జాబితాలోని పుట్టినతేదీ పదవ తరగతి సర్టిఫికెట్టుతో సరిపోనిచో విద్యార్థి దరఖాస్తు నిలిచిపోవచ్చును.

దీనికి కారణమేమి? ఎక్సెల్ తేదీని లోపల ఒక సంఖ్యగా దాచుకొనును. 1900 జనవరి 1 దాని లెక్కలో 1. 1947 ఆగస్టు 15 దాని లెక్కలో 17394. తెరపై మనము చూచునది ఆ సంఖ్యకు తొడిగిన రూపము. తప్పుగా గ్రహించిన తేదీకి తరువాత ఎన్ని రూపములు మార్చినను లోపలి సంఖ్య మారదు.

కావున టైపు చేయుటకు ముందే అమరికను సరిచేయవలెను. విండోస్ కంప్యూటరునందు కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్ అను భాగమును తెరచి, ఫార్మాట్ వద్ద ఇండియాకు చెందిన ఇంగ్లీషును ఎన్నుకొని, షార్ట్ డేట్‌లో రోజు ముందుండునట్లు చూడవలెను. ఎక్సెల్ ఈ అమరికనే అనుసరించును. గూగుల్ షీట్స్ నందైతే ఫైల్, సెట్టింగ్స్, లొకేల్ అను క్రమమున ఇండియాను ఎన్నుకొనవలెను. పిమ్మట గడులకు నెల పేరు అక్షరములలో కనబడు రూపమిచ్చి సర్టిఫికెట్లతో సరిచూచినచో మిగిలిన దోషములు బయటపడును. వాటిని మరల టైపు చేసి సరిదిద్దవచ్చును.

కళాశాల కార్యాలయమునందలి ప్రతి కంప్యూటరును ఒకే అమరికలో నుంచుట కార్యవర్గము వారు సులభముగా చేయింపదగిన పని. విద్యార్థులారా! రేపు మీలో ననేకులు కార్యాలయములలో పట్టికలు నింపుదురు. ఒకరి పుట్టినతేదీ వారి చదువునకును ఉద్యోగమునకును సాక్ష్యము. దానిని యంత్రపు అలవాటునకు విడిచిపెట్టరాదు.