మాంసం మానేశావు, సరే

చిట్టితల్లికి,

విభూది బుధవారం నుంచి నీసు ముట్టడం లేదని ఫోన్లో చెప్పావు. సంతోషం. ఆ వెంటనే, నీ కష్టాన్ని తన పేరు మీద వేసుకున్న టీమ్ లీడర్ సంగతి ఎత్తుకున్నావు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడూ ఇదే చెప్పావు. మాటలు అవే, గొంతులో బాధ మాత్రం పెరిగింది.

నీకు జరిగింది అన్యాయమే. కానీ అతను ఆ పని ఒక్కసారే చేశాడు. నువ్వు దాన్ని రోజూ తిరగదోడుకుంటున్నావు. ఈ తపస్సు కాలంలో మాంసం కన్నా ముందు మానాల్సింది ఆ తిరగదోడుకోవడమే తల్లీ.

ఇది నీ ఒక్కదాని బాధ కాదు. నాలుగో శతాబ్దం చివర్లో ఈజిప్టు ఎడారిలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఉండేవాడు. మనసును పాడుచేసే ఎనిమిది తలంపుల పట్టీ ఆయన రాశాడు. జ్ఞానోపదేశంలో నువ్వు బట్టీపట్టిన ఏడు మూలపాపాలు ఆ పట్టీలోంచి వచ్చినవే. అందులో విసుగు గురించి రాసింది చదివితే నీ ఆఫీసు మధ్యాహ్నాలే గుర్తొస్తాయి. ఎండ నెత్తికెక్కే వేళ పొద్దు కదలనట్టే ఉంటుందట. సన్యాసి మాటిమాటికీ బయటికొచ్చి సూర్యుడి వంక చూస్తాడట. తోటివాళ్లలో ప్రేమే లేదనిపిస్తుందట. ఈమధ్య ఎవరైనా మనసు నొప్పించి ఉంటే, ఆ మనిషి సరిగ్గా అప్పుడే గుర్తొస్తాడట. తలంపు రావడం మన చేతుల్లో లేదు, దాన్ని ఉండనివ్వడమే మన చేతుల్లో ఉంది అంటాడాయన. కాబట్టి కోపం వచ్చిందని నిన్ను నువ్వు తిట్టుకోకు. దానికి కుర్చీ వేయకు, అంతే.

ఎలా అంటావేమో. మత్తయి సువార్త నాలుగో అధ్యాయం తీసి చూడు. ప్రభువు నలభై రోజులు ఉపవాసముండి ఆకలిగా ఉన్నప్పుడు, ఆయన దేవుని కుమారుడేనా అన్న అనుమానంతోనే సైతాను మొదలుపెట్టాడు. ప్రభువు వాదనకు దిగలేదు. మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోంచి ఒక్కో మాట చెప్పి ఊరుకున్నాడు. మనం అలా ఊరుకోం. అతను ఇలా అంటే నేనలా అనేదాన్ని అంటూ రాత్రి రెండింటిదాకా వాదిస్తూనే ఉంటాం. ఎవాగ్రియస్ ప్రభువు దారినే పట్టి, ఒక్కో తలంపుకు జవాబుగా బైబిలు మాటలు ఏరి పుస్తకం కట్టాడు. నువ్వు 131వ కీర్తన నేర్చుకో. మూడే వచనాలు. ఆ మనిషి గుర్తు రాగానే అది ఒకసారి చెప్పుకుని చేతిలో పని అందుకో. ఐదు నిమిషాల్లో మళ్లీ వస్తాడు. మళ్లీ చెప్పుకో.

వదలడమంటే నోరు మూసుకోవడం కాదు సుమా. నీ పనికి రుజువులుంటే పగటిపూట, చల్లటి మనసుతో, పై వాళ్లకు రాసి పంపు. పంపాక మాత్రం దాని గురించి రాత్రిళ్లు మేలుకోకు. అతని పేరు చెప్పి ప్రార్థన కూడా చెయ్యి. మొదట్లో మనసు రాదు, మాట మాత్రమే వస్తుంది. ఆ మాటే చాలు, దేవుడు తీసుకుంటాడు.

ఇంకొకటి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతుకు మీద ఆశ పోవడం, ఇలాంటివేమైనా ఉంటే అది పాపమూ కాదు, విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు. ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాకు దాచకుండా చెప్పు, నేనే వచ్చి తీసుకెళ్తాను.

శుక్రవారం సాయంత్రం దగ్గర్లో ఏ గుడిలోనైనా సిలువ మార్గానికి వెళ్లు. మూడో స్థలంలో ప్రభువు పడతాడు, ఏడో స్థలంలో మళ్లీ, తొమ్మిదో స్థలంలో ఇంకోసారి. అక్కడ మోకరించినప్పుడు తొందరపడకు. ఈ కోపంలో నువ్వు ఎన్నిసార్లు పడ్డావో అక్కడే ఆయనతో చెప్పుకో. పవిత్ర వారానికి ముందే పాపసంకీర్తనం కూడా చేసుకో.

మట్టల ఆదివారానికి సెలవు దొరికితే టికెట్ ఇప్పుడే తీసుకో, తర్వాత బస్సులు నిండిపోతాయి.

ప్రేమతో,
మీ అత్తయ్య