ముల్లు ఎర్రగీత దాటితే

ప్రశ్న: మా పాత అంబాసిడర్ స్టార్ట్ చేయగానే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటుతోంది. సెన్సర్ మార్చాలా?
– ఒక పాఠకుడు, బుక్కరాయసముద్రం

జవాబు: అనంతపురం ఎండలోనైనా చల్లని ఇంజిన్ క్షణాల్లో మరగదు. తప్పు కరెంటు దారిలోనే ఉంది. ఇగ్నిషన్ ఆన్ చేసి సెన్సర్ వైరు పీకి చూడాలి. ముల్లు కిందికి దిగితే సెన్సరే పోయినట్టు. దిగకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది, లేదా మీటరే చెడింది. వేడెక్కేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది. బాడీకి తగిలిన వైరు మీటరుకు మహా వేడిగా కనిపిస్తుంది.

పెట్రోలు ముల్లు కూడా పైకే పోతుంటే మీటర్ల వోల్టేజ్ స్టెబిలైజర్‌ను, దాని ఎర్త్‌ను చూడాలి.

2014లో ఉత్తరపార ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగింది. అందుకే కొత్త సెన్సర్ కొనేటప్పుడు మీ మీటరుకు సరిపోయేదేనా అని అడగాలి. మర ఒక్కటే కుదిరితే చాలదు. బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఎర్త్ అందదు.

రేడియేటర్లో బోరు నీళ్లు వద్దు. సున్నపు పొర సెన్సర్ మొనకు పట్టి, ఇంజిన్ నిజంగా కాగినప్పుడు ముల్లు ఆలస్యంగా లేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలంట్ పోయాలి.