పెళ్లి డీవీడీని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?



మీ పెళ్లి వీడియో, పాప అన్నప్రాసన, బాబు యూకేజీ యాన్యువల్ డే... ఇవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? చాలా ఇళ్లలో బీరువా పై అరలో, డిస్కుల మీదే ఉండిపోయాయి. స్టూడియోవాళ్లు రాసిచ్చిన డీవీడీలో సమాచారం ఉండేది పల్చటి రంగు పూతలో. ఎండకు, వేడికి, తేమకు అది పాడవుతుంది. పైన ఒక్క గీత లేకపోయినా డ్రైవ్ చదవదు. పైగా కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవే రావడం లేదు. యూఎస్‌బీకి తగిలించేది ఒకటి కొనండి, లేదా తెలిసినవాళ్లను రెండు రోజులకు అడిగి తెచ్చుకోండి.

చాలామంది నేరుగా ఎంపీ4గా మార్చేసి డిస్కు పారేస్తారు. తొందరపడకండి. ఎంపీ4గా మార్చడమంటే సాధారణంగా వీడియోను మళ్లీ కుదించడమే. మన పాల్ డీవీడీలో బొమ్మ మహా అయితే 720×576 పిక్సెళ్లు. అందులో ఇంకా పోయినది మళ్లీ రాదు. కాబట్టి ముందు ఉన్నదున్నట్టుగా ఒక కాపీ తీయండి.

దానికి రెండు దారులు. ఐఎస్ఓ ఫైలు చేస్తే మెనూతో సహా డిస్కు మొత్తం వస్తుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో నేరుగా చూడొచ్చు. మేక్‌ఎంకేవీ సాఫ్ట్‌వేర్ అయితే మెనూ వదిలేసి, వీడియోను మళ్లీ కుదించకుండా ఎంకేవీ ఫైలుగా ఇస్తుంది. ఇంటి వీడియోలకు మా సలహా ఇదే. తిరిగే గుండెల మధ్య మీ ఫొటో పెట్టిన ఆ మెనూ లేకపోయినా ఫరవాలేదు కదా! మామూలు డీవీడీ 4.7 జీబీ మించదు. 20 డిస్కులు కలిపినా 100 జీబీ లోపే.

డిస్కులోని ఫైళ్లను చేత్తో కాపీ చేసేవారు ఒకటి గమనించాలి. వీడియో 1 జీబీ చొప్పున వీఓబీ ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క ఒక్కటే తెచ్చుకుంటే జీలకర్ర బెల్లం ఉంటుంది, తలంబ్రాలు ఉండవు.

ఆ తర్వాత ఫోన్‌లో చూడ్డానికి, బంధువులకు పంపడానికి హ్యాండ్‌బ్రేక్‌తో ఎంపీ4 చేసుకోండి. అందులో డీఇంటర్‌లేస్ ఎంపిక చూసుకోండి. లేకపోతే మనుషులు కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు కనిపించవచ్చు. ఇంకా పాత వీసీడీలు ఉంటే, వాటిలోని ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లో ఉన్న డాట్ ఫైళ్లను కాపీ చేసుకుంటే చాలు.

డిస్కు మధ్యలో ఆగిపోతే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా వద్దు. అప్పటికీ రాకపోతే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒకటి మొరాయించిన డిస్కును మరొకటి చదవడం మామూలే. సినిమా డిస్కుల సంగతి వేరు. వాటికి కాపీ తాళం, కాపీరైట్ ఉంటాయి. మేం చెప్పేది మీ ఇంటి వీడియోల గురించే.

కాపీలు రెండు చోట్ల పెట్టండి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ఈ పని వాళ్లకే అప్పగించండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు పక్కన అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టండి. పందిట్లో ఎవరు ఎవరో, ఎవరి తరఫువాళ్లో వాళ్లు చెబుతుంటే పిల్లలు అదే ఫోల్డర్‌లో రాసి పెడతారు.