కచ్చిత్: యజమానికి నారదుని ప్రశ్నలు

దర్శనానంతరం మంటపంలో కూర్చున్న నన్ను పలకరించే భక్తులలో చిన్న వర్తకులు ఎక్కువ. కిరాణా కొట్టు, బట్టల దుకాణం, పిండిమర, నలుగురు పనివారున్న దర్జీ దుకాణం వంటివి వారి జీవనాధారాలు. ఆ మధ్య ఒకరు వచ్చి, "శాస్త్రిగారూ, మా కొట్టులో పనివాళ్ళు ఆరు నెలలైనా నిలవడం లేదు. గల్లాపెట్టె ఏ దిక్కుకు మార్చమంటారు?" అని అడిగారు. దిక్కు సంగతి తరువాత చూద్దాం, జీతాలు ఏ తేదీన ఇస్తున్నారని నేనడిగాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "చేతిలో ఉన్నప్పుడు ఇస్తానండీ" అన్నారు.

ఆ జవాబు విన్న నాటి నుండి ఈ విషయం వ్రాయాలని అనుకుంటున్నాను.

మన రెండు ఇతిహాసాలలోనూ పాలకుణ్ణి ఎదుట కూర్చోబెట్టుకొని వరుసగా ప్రశ్నలు వేసే ఘట్టాలున్నాయి. అయోధ్యాకాండ నూరవ సర్గలో, చిత్రకూటానికి జటావల్కలాలతో వచ్చిన భరతుణ్ణి శ్రీరాముడు అడుగుతాడు. భరతుడు అప్పటికి ఒక్కరోజైనా రాజ్యం ఏలలేదు. అయినా ప్రశ్నలు తప్పలేదు. మహాభారతం సభాపర్వంలో, మయసభలో కొలువుతీరిన ధర్మరాజును నారదమహర్షి అడుగుతాడు. మన తెలుగువారికి ఈ ఘట్టాన్ని నన్నయభట్టారకుడు ప్రసాదించాడు. రెండు చోట్లా దాదాపు ప్రతి ప్రశ్నా 'కచ్చిత్' అనే అవ్యయంతో మొదలవుతుంది. ఇది సామాన్యమైన ప్రశ్నార్థకం కాదు. 'అవును' అనే జవాబు రావాలని కోరుకుంటూ అడిగే ప్రశ్నలో దీనిని ప్రయోగిస్తారు. "చేస్తున్నావు కదా, నాయనా?" అనే మన పలుకుబడి దీనికి సన్నిహితం. పనివానిని తప్పులో పట్టుకోవడానికి అడిగే ప్రశ్నకూ, అతడు బాగా చేసి ఉండాలని ఆశిస్తూ అడిగే ప్రశ్నకూ ఎంత దూరమో ఈ ఒక్క అవ్యయం తెలుపుతుంది.

ఇవి రాజులకు సంబంధించిన ప్రశ్నలు కదా, మా అయిదుగురు పనివాళ్ళ కొట్టుకు వీటితో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. వేతనం గురించిన ప్రశ్నను చూడండి. సైనికులకు ఇవ్వవలసిన భోజనమూ జీతమూ తగినంతగా, సకాలంలో ఇస్తున్నావా, జాప్యం చేయడం లేదు కదా అని అడిగి, కారణం కూడా అక్కడే చెప్పారు. గడువు దాటితే పోషణ లేక భృత్యులు ప్రభువుపై కినుక వహిస్తారు. అది గొప్ప అనర్థానికి దారి తీస్తుంది. 'ఎంత ఇస్తున్నావు' అన్నదానితో పాటు 'ఎప్పుడు ఇస్తున్నావు' అన్నదీ ఆ ప్రశ్నలో ఉంది. ఒకటవ తేదీన వచ్చే పదివేలూ, పదిహేడవ తేదీన వచ్చే పదివేలూ యజమాని ఖాతాలో సమానమే. ఇంటి అద్దె కట్టవలసిన పనివానికి సమానం కావు.

మరొక ప్రశ్న శిల్పుల గురించి. వృత్తిపనివారికి కనీసం నాలుగు నెలలకు సరిపడే సామగ్రినీ పనిముట్లనూ సమకూరుస్తున్నావా అని నారదుడు అడుగుతాడు. మొండి కత్తెర ఇచ్చి నగిషీ కోరే యజమానులు నేటికీ ఉన్నారు. ఆయవ్యయాల లెక్కను లేఖకులు ప్రతిదినం పూర్వాహ్ణంలోనే విన్నవిస్తున్నారా అనేది ఇంకొకటి. సొమ్మంతా ఫోనులోనే వచ్చి ఫోనులోనే పోతున్న ఈ రోజులలో దీని అవసరం పెరిగిందే గాని తగ్గలేదు. జరిగిన పనిని గుర్తించి, చేసినవానిని సత్పురుషుల మధ్య మెచ్చుకుంటున్నావా అనే ప్రశ్న కూడా ఉంది. మెప్పు నలుగురి ముందు ఉండాలన్నమాట. మనలో చాలామంది దీనిని తలక్రిందులు చేస్తాము. మెప్పు చాటుగా, మందలింపు బహిరంగంగా. నేనూ అలాగే చేశాను.

సుమారు యాభై ఏళ్ళ నాటి మాట. మా పెదనాన్నగారికి ఒక చిన్న ముద్రణాలయం ఉండేది. ఒక ట్రెడిల్ యంత్రం, ఇద్దరు కంపోజిటర్లు, యంత్రం నడిపే మనిషి, ఒక బైండరు, అంతే పరివారం. సంస్కృత కళాశాల విడిచిన తరువాత రెండేళ్ళు నేను అక్కడ ప్రూఫులు దిద్దాను. పెదనాన్నగారు శనివారం సాయంత్రం జీతాలు ఇచ్చిన తరువాతే ఇంటికి బియ్యం కొనేవారు. రావలసిన బాకీలు రాని ఒక వారం పెద్దమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళడం నేనెరుగుదును.

ఒక ఏడు ఉగాదికి ముందు, పంచాంగాల పని ముమ్మరంగా ఉండగా, ఆయన జబ్బుపడ్డారు. పెత్తనం నా చేతికి వచ్చింది. అక్షరాల గళ్ళు కొన్ని వెలితిగా కనిపించాయి. నాలుగైదు కిలోల సీసపు అక్షరాలు లేవు. సీసానికి బజారులో ధర ఉంది. అనుమానం పెద్ద కంపోజిటరు మీదికి పోయింది. ఆయన బడిలో చదువుకోలేదు. ఆ గళ్ళలోనే అక్షరాలు నేర్చి, నా సంధి దోషాలను సైతం పట్టుకోగలిగినవాడు. అందరూ వింటుండగా, "సీసం ఎటు పోతున్నదో నీకే తెలియాలి" అన్నాను. ఆయన చేతిలోని స్టిక్కు బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకొని వెళ్ళిపోయాడు.

ఉగాది దాటాక, కాగితపు కట్టల వెనుక దారంతో బిగించి ఉన్న పుటలు దొరికాయి. మరుసటి ఏటికి పనికివస్తాయని పెదనాన్నగారే విప్పకుండా దాచిన పంచాంగపు పట్టికలవి. లేని సీసమంతా వాటిలోనే ఉంది. మంచంమీద నుండి ఆయన నన్ను ఒక్కటే అడిగారు. "అందరి ముందు అన్నావా, చాటుగా అన్నావా?"

"అందరి ముందే."

"అయితే వాళ్ళందరినీ వెంటబెట్టుకొని వెళ్ళు."

వెళ్ళాను. ఆయనకు ఇవ్వవలసిన పదిరోజుల జీతం కూడా నా దగ్గరే ఉండిపోయిందని దారిలో గుర్తుకు వచ్చింది. ఆయన మా అందరికీ మజ్జిగ ఇప్పించాడు, నా మాట విన్నాడు, డబ్బు లెక్కపెట్టుకొని తీసుకున్నాడు. అప్పటికే మరొక చోట పనిలో చేరానని చెప్పాడు. మేము లేవబోతుండగా, "నేను వదిలి వచ్చిన తిథుల వరుస ఎవరు పూర్తి చేశారు బాబూ?" అని అడిగాడు.

నిర్దోషులపై అభాండం వేస్తే వారి కంటినీరు పాలకుని సంతానాన్నీ పశుసంపదనూ హరిస్తుందని శ్రీరాముడు భరతునికి చెప్పిన మాటను కళాశాలలో నేను అన్వయంతో సహా అప్పజెప్పినవాణ్ణే. నూరవ సర్గ నాకు వచ్చు. ఆ రోజు ముద్రణాలయంలో మాత్రం అది నాకు తోచలేదు.

ధర్మరాజు విషయం కూడా గమనించదగినది. నారదుడు అన్నీ అడిగిన తరువాత ఆయన, అన్నీ సక్రమంగానే ఉన్నాయని చెప్పుకోలేదు. మీరు చెప్పినట్లే నడుచుకుంటానని, యథాశక్తిగా ఆచరిస్తున్నానని వినయంగా విన్నవించాడు. ఆ ప్రశ్నలలో పానం, జూదం వంటి వ్యసనాల మీది ఖర్చును గురించినది కూడా ఒకటుంది. ఆ ధర్మరాజే అదే సభాపర్వంలో పాచికల ముందు కూర్చొని రాజ్యాన్నీ తమ్ములనూ తననూ ద్రౌపదినీ ఒడ్డాడు. ప్రశ్న విన్నవాడే, మహర్షి ముఖతః విన్నవాడే. అందువల్లనే కాబోలు, ఈ ఘట్టాన్ని ఒకసారి పారాయణ చేసి ఊరుకోవడం చాలదని నాకు తోస్తుంది. కొట్టు తలుపు తీసి దీపం వెలిగించేటప్పుడు ఏదో ఒక ప్రశ్న, జీతం తేదీయో, నిన్న ఎవరినైనా మెచ్చుకున్నామా అన్నదో, తనకు తాను వేసుకోవడం పెద్ద శ్రమ కాదు. అడిగేటప్పుడు 'కచ్చిత్' అనే అడగాలి, తనను కూడా.

గల్లాపెట్టె భక్తుడు మొన్న మళ్ళీ వచ్చారు. జీతాలకు అయిదవ తేదీ నిర్ణయించుకున్నారట. "దిక్కు సంగతి చెప్పలేదు శాస్త్రిగారూ" అని గుర్తుచేశారు. ఉత్తరాభిముఖంగా ఉంచుకోమన్నాను.