పాఠం 9: పిట్టకి పేరు పెడదాం

పిల్లలూ! ఈ పాఠాన్ని ముందు పైకి చదవండి. తెలియని మాటల అర్థాలు కింద ఉన్నాయి.

చదువుదాం

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్నే మేము న్యూజెర్సీలోని గ్రేట్ స్వాంప్‌కి వెళ్ళాం. అదొక పెద్ద చిత్తడి నేల. 1959లో అక్కడ విమానాశ్రయం కట్టాలనుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. చందాలు వేసుకుని సుమారు 3,000 ఎకరాలు కొని, దాన్ని కాపాడమని ప్రభుత్వానికి ఇచ్చేశారు. అందుకే ఇవాళ అక్కడ విమానాలకు బదులు పిట్టలు దిగుతున్నాయి!

పక్షుల్ని చూపించడానికి ఒక పెద్దావిడ వచ్చారు. "గట్టిగా మాట్లాడకండి. చెక్కల దారి దిగకండి. పక్షులకు ఏమీ పెట్టకండి" అన్నారు. అందరం మెల్లగా నడిచాం.

టక్ టక్ టక్! చెట్టు మీద చప్పుడు. ఆవిడ మా అబ్బాయిని, "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగారు. వాడు నా వైపు చూశాడు. వాడికి తెలీదు. నేను ఎప్పుడూ చెప్పలేదు కదా!

"వడ్రంగి పిట్ట" అన్నాను. "చెక్క పని చేసేవాళ్ళని వడ్రంగి అంటాం." ఆవిడ నవ్వి, తన పుస్తకంలో రాసుకున్నారు.

నీళ్ళలో ఒంటికాలి మీద కొంగ నిలబడి ఉంది. ఒక కర్రకి పెట్టె బిగించి ఉంది. అది అడవి బాతు గూడు. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన మర్నాడే, తల్లి పిలవగానే కిందికి దూకేస్తాయట!

ఇంతలో రెల్లు మీద ఒక నల్లపిట్ట వాలింది. రెండు భుజాల మీదా ఎర్రటి మచ్చలు. ఈసారి నేనే తెల్లమొహం వేశాను. మన ఊళ్ళో ఈ పిట్ట లేదు.

"అమ్మా, మనమే పేరు పెడదామా? ఎర్రభుజాల పిట్ట!" అన్నాడు మావాడు.

ఇప్పుడు మా ఇంట్లో దాని పేరు అదే.

కొత్త మాటలు

చిత్తడి నేల – ఎప్పుడూ తడిగా, బురదగా ఉండే నేల
చందా – ఒక పనికి అందరూ కలిసి ఇచ్చే డబ్బు
రెల్లు – నీళ్ళ ఒడ్డున పెరిగే పొడుగాటి గడ్డి
తెల్లమొహం వేయడం – జవాబు తెలియక అలా ఉండిపోవడం

చెప్పండి

1. ఊళ్ళవాళ్ళు భూమి ఎందుకు కొన్నారు?
2. వడ్రంగి పిట్టకి ఆ పేరు ఎలా వచ్చింది?
3. అమ్మ ఎప్పుడు తెల్లమొహం వేసింది?

ఈ వారం పని

మీ ఇంటి దగ్గర ఒక పిట్టని పది నిమిషాలు కదలకుండా చూడండి. దాని రంగు, అరుపు, నడక రాయండి. తెలుగులో దాన్ని ఏమంటారో అమ్మమ్మనో, తాతయ్యనో ఫోన్‌లో అడగండి. వాళ్ళకీ తెలియకపోతే మీరే ఒక పేరు పెట్టి, ఎందుకు పెట్టారో వాళ్ళకి చెప్పండి.