డివిడిలోని వీడియోను చిన్న ఫైలుగా మార్చుకునే పద్ధతి



2000 తర్వాత మన ఇళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు, బారసాలలు, స్కూలు వార్షికోత్సవాలు చాలావరకు డివిడిల మీదే ఉన్నాయి. ఇప్పుడు కొనే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డివిడి డ్రైవే రావడం లేదు. పైగా మనం రాయించుకున్న డిస్కులో సమాచారం ఒక పల్చటి రంగు పొర మీద ఉంటుంది. ఎండకు, వేడికి, తేమకు అది పాడవుతుంది. కాబట్టి వాటిని కంప్యూటరు ఫైళ్ళుగా మార్చుకోవడం మంచిది. సెలవుల్లో పిల్లలు చేయగలిగిన పనే. నేను చేసిన పొరపాటు మాత్రం చేయకండి.

మా అమ్మాయి పెళ్ళి 2005లో జరిగింది. రెండు గంటల డివిడి. 2013లో దాన్ని ఒక ప్రోగ్రాములో వేసి, సైజు 300 ఎంబి చాలని ఇచ్చాను. మొదటి అయిదు నిమిషాలు చూసి, బాగానే ఉందనుకుని డిస్కును పాత సామానుతో పాటు వేసేశాను. కొన్నాళ్ళకు పూర్తిగా చూస్తే తలంబ్రాల దగ్గర బొమ్మంతా గళ్ళు గళ్ళు. మా అమ్మ అక్షింతలు వేస్తూ కనిపించేది అక్కడే. ఆమె అప్పటికే మాకు లేదు. ఆమె ముఖాన్ని నేనే పోల్చుకోలేకపోయాను.

ఎందుకలా అయిందో లెక్క వేసి చూశాను. రెండు గంటలంటే 7,200 సెకన్లు. డివిడిలో 4.7 జిబి నిండుగా ఉంటే సెకనుకు సుమారు 5.2 మెగాబిట్లు. నా 300 ఎంబి ఫైలులో సెకనుకు 0.33 మెగాబిట్లు. దాదాపు పదహారో వంతు మాత్రమే! వీడియో ఫైలు ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచుకోదు. ఒక బొమ్మను పూర్తిగా రాసి, ఆ తర్వాతి వాటిలో మారినంత మేరకే రాస్తుంది. పురోహితుడు కదలకుండా కూర్చుంటే ఖర్చు తక్కువ. తలంబ్రాలు పడేటప్పుడు తెర మీద ప్రతి చుక్కా మారుతుంది. అక్కడ బిట్లు చాలకపోతే గళ్ళు పడతాయి.

కాబట్టి సైజు మనం నిర్ణయించకూడదు, నాణ్యత నిర్ణయించాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాములో "కాన్‌స్టంట్ క్వాలిటీ" అని ఉంటుంది. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది. డివిడికి 18 నుంచి 22 మధ్య సరిపోతుంది, నేను 19 పెడతాను. వీడియో పద్ధతి హెచ్.264 ఎంచుకోండి. 2003లో వచ్చిన ఈ పద్ధతి డివిడిలో వాడిన ఎంపెగ్-2 కంటే చాలా పొదుపైనది. సెకనుకు సగటున 1.5 మెగాబిట్లు పట్టిందనుకుంటే రెండు గంటలకు 1.35 జిబి అవుతుంది. సైజు తగ్గింది, ముఖాలు ముఖాల్లాగే ఉన్నాయి.

మన దేశపు డివిడి బొమ్మ 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. దాన్ని 1080కి పెంచితే ఫైలు లావెక్కుతుంది తప్ప లేని వివరం రాదు. పెళ్ళి కెమెరాల వీడియోలో కదలిక ఉన్నచోట దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తే "డీఇంటర్‌లేస్" ఫిల్టరు పెట్టండి. వేగం "స్లో" పెడితే సమయం పడుతుంది, కానీ ఫలితం బాగుంటుంది. రాత్రి పెట్టి పడుకోవచ్చు. మొత్తం మార్చే ముందు బాగా కదలిక ఉన్న ఒక్క నిమిషం మార్చి చూసుకోండి.

అన్నిటికంటే ముందు, డిస్కులోని వీడియో_టిఎస్ అనే ఫోల్డరును ఉన్నదున్నట్టు హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి. అదే మీ అసలు కాగితం. మార్చిన ఫైలు నకలు మాత్రమే. నకలుకు నకలు తీస్తే ప్రతిసారీ కొంత పోతుంది. డ్రైవు లేనివారికి ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో యుఎస్‌బి డ్రైవు దొరుకుతుంది. బంధువుల పాత కంప్యూటరైనా సరే.

సినిమా డివిడిల జోలికి పోవద్దు. వాటికి తాళం ఉంటుంది. హక్కుల ఉల్లంఘన కోసం ఆ తాళం తీయడం 2012 సవరణతో కాపీరైటు చట్టం కింద నేరమైంది. ఇక ఎన్‌పిటెల్ పాఠాల పాత డిస్కుల కోసం శ్రమపడనక్కరలేదు, ఆ పాఠాలు ఇంటర్నెట్టులో ఉచితంగా ఉన్నాయి.

మా సంగతికొస్తే, హిందూపురంలో ఉన్న తమ్ముడు "అన్నయ్యా, నాకిచ్చిన కాపీ బీరువాలోనే ఉంది" అన్నాడు. గీతలు పడిన డిస్కు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిచాను (గుండ్రంగా తుడవకూడదు). కాపీ కావడానికి దాదాపు రాత్రంతా పట్టింది. ఈసారి ఫైలును చివరిదాకా కూర్చుని చూశాను. డిస్కు మీద రాత లోపలి నుంచి అంచు వైపు సాగుతుంది. వేలిముద్రలు పడేది అంచున, కాబట్టి నిండా రాసిన డిస్కులో చెడేది ఎక్కువగా చివరి భాగమే. మా వీడియోలో అప్పగింతలు అక్కడే ఉన్నాయి. రెండుచోట్ల కొద్దిగా ఆగింది, మిగతాదంతా వచ్చింది.