ఎరగా చేపగుడ్డు: తప్పా, ఒప్పా?

పంటకాలువ గట్టున గాలం వేసి కూర్చున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. మీలో కొందరు వేసి కూడా ఉంటారు. కొబ్బరిచిప్పలో కాస్త తడిమట్టి, అందులో నాలుగు ఎర్రలు. అవి దొరకని రోజున గోధుమపిండి ముద్ద. గాలానికి ఏం గుచ్చావని మనల్ని అడిగేవాడు ఉండడు.

ఇంగ్లండులో అలా కాదు. అక్కడ ఏటి గట్టున గాలానికి చేపగుడ్లు గుచ్చితే నేరం. అమెరికాలో కొన్ని నదుల్లో వాటిని నిక్షేపంగా గుచ్చవచ్చు, మరికొన్నింటిలో కూడదు. ఇంకొన్నిచోట్ల ప్లాస్టిక్‌తో చేసిన ఉత్తుత్తి గుడ్డు పెట్టవచ్చు గాని, దానికి వాసన పూస్తే తప్పు!

ఈ సంగతి తొమ్మిదో తరగతిలో చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, "చేపను పట్టుకోవచ్చని ఒప్పుకున్నాక, దేనితో పడితే ఏమిటండీ?" అన్నాడు. మంచి ప్రశ్న. గంట కొట్టేలోగా దానికి జవాబు పూర్తి చెయ్యలేకపోయాను. ఆ మిగిలినదే ఈ వ్యాసం.

ముందు సాల్మన్ చేప సంగతి తెలుసుకుందాం. ఇది ఏటి నీటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏటికి ఎదురీదుతూ వస్తుంది. మన గోదావరికి వచ్చే పులస కూడా ఇలా సముద్రం నుంచి ఎదురీదేదే. ఆడ సాల్మన్ తోకతో గులకరాళ్ళను కొట్టి గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళతో కప్పుతుంది. గుడ్డు బఠానీ గింజంత, నారింజ రంగులో ఉంటుంది. అట్లాంటిక్ సాల్మన్ తన బరువులో ప్రతి కిలోకు సుమారు 1,500 గుడ్లు పెడుతుంది. అంటే అయిదు కిలోల తల్లిలో 7,500 గుడ్ల దాకా ఉంటాయన్నమాట. వాటిలో పెరిగి పెద్దవై తిరిగి ఆ ఏటికి చేరేవి చాలా కొద్ది.

ఇన్ని గుడ్లలో కొన్ని ప్రవాహానికి కొట్టుకుపోతాయి. వాటి కోసం ట్రౌట్ చేపలు దిగువన కాచుకుని ఉంటాయి. (ఊటీ కొండల్లోనూ కాశ్మీరులోనూ ఆంగ్లేయులు తెచ్చి వదిలినవి ఈ ట్రౌట్ చేపలే.) ఒక్కొక్క గుడ్డూ కొవ్వు, మాంసకృత్తులు నిండిన పొట్లం. పైగా గుడ్డు నుంచి అమైనో ఆమ్లాలు నీటిలోకి ఊరుతూ ఉంటాయి. చేప ముక్కుగుంటలు వీటిని అతి స్వల్ప పరిమాణంలో ఉన్నా పసిగడతాయి. కనుక ట్రౌట్‌కు చేపగుడ్డును మించిన ఎర లేదనుకోవచ్చు. చిక్కంతా అక్కడే మొదలైంది.

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటనులో సాల్మన్ గుడ్లను ఉప్పువేసి ముద్దచేసి ఎరగా వాడేవారు. దానికి గిరాకీ పెరిగింది. ఆ గిరాకీ కోసం దొంగవేటగాళ్ళు సరిగ్గా గుడ్లు పెట్టే రోజుల్లోనే, నీరు తక్కువగా ఉన్న ఏటిలో తల్లిచేపలను పొడిచి పట్టేవారు. గుడ్లు పెట్టే కాలంలో సాల్మన్ మాంసం చవ్వగా ఉంటుంది, తినడానికి పెద్దగా పనికిరాదు. కడుపులోని గుడ్ల కోసమే చంపడం! చిన్న చేపను పట్టడానికి ఏడువేల పెద్ద చేపల విత్తనం తగలెయ్యడమన్నమాట. అసలే కర్మాగారాల మురికి, అడ్డుకట్టలు కలిసి నదులను పాడుచేస్తున్నాయి. 1860లో ప్రభుత్వం సాల్మన్ చేపల పరిస్థితిపై విచారణ సంఘాన్ని వేసింది. 1861లో చట్టం వచ్చింది. వేటకు చేపగుడ్లు వాడరాదన్నది అందులో ఒక నియమం. ఇప్పుడు అమలులో ఉన్న 1975 చట్టంలోనూ ఆ నియమం ఉంది. వేట కోసం సాల్మన్, ట్రౌట్ గుడ్లను కొనడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం కూడా అందులో తప్పే. కృత్రిమంగా పిల్లలను పొదిగించడానికి, శాస్త్ర పరిశోధనకు మాత్రం మినహాయింపు ఉంది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. చేప చచ్చిపోయాక, ఇంట్లో మిగిలిన గుడ్లు గాలానికి గుచ్చితే ఎవరికి నష్టం? ఆ ఒక్క గుడ్డు వరకూ ఎవరికీ నష్టం లేదు. కాని ఏ గుడ్డు దొంగ వేటలోది, ఏది వంటింటిది అని గట్టున నిలబడ్డ తనిఖీదారు చెప్పలేడు. అందుకని చట్టం అంగడినే మూసేసింది. తినడానికి అడ్డులేదు. మన ఇళ్ళలో చేప జన వేపుడు చేసుకుంటాం కదా, దాని జోలికి ఆ నియమం రాదు. తల్లిచేపను కాపాడాలన్న ఆలోచన మనకూ కొత్తది కాదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు సెలవు ఇచ్చేదీ అందుకే.

మరి ప్లాస్టిక్ గుడ్డు? దాని కోసం ఏ తల్లిచేపా చావనక్కరలేదు. ఇంగ్లండు నియమంలోని మాట చేపగుడ్డు గురించి, పూస గుడ్డు కాదు. ఆ వాక్యం దానికి తగలదు. అయితే ఒక్కొక్క ఏటికి వేరే స్థానిక నియమాలు ఉంటాయి, అవీ చూసుకోవాలి.

అమెరికాలో ప్రశ్న మరో దారిన వచ్చింది. అక్కడ చాలా నదుల్లో సరదాకు గాలం వేసేవారు పట్టిన చేపను తిరిగి నీటిలో వదలాలి. వదిలిన చేప బతకాలి కదా! నకిలీ పురుగును నోట్లో వేసుకున్న చేప రుచీ పచీ లేదని ఉమ్మేయబోతుంది. గాలం పెదవికి తగులుతుంది. నిజమైన తిండి అయితే గుటుక్కున మింగుతుంది. గాలం గొంతులోనో, మొప్పల దగ్గరో, కడుపులోనో దిగుతుంది. అలా నిజమైన ఎరకు పడి, వదిలిన ట్రౌట్లలో నూటికి పాతిక, ముప్పై దాకా చచ్చాయని పరిశోధనలు తేల్చాయి. నకిలీ ఎరకు పడినవాటిలో నాలుగో అయిదో ఆరో.

ఇప్పుడు వాసన సంగతి అర్థమైందా? వాషింగ్టన్ రాష్ట్రంలో కొన్ని నీళ్ళలో వాసన లేని నకిలీ ఎరలే వాడాలని నియమం. ప్లాస్టిక్ గుడ్డుకు చేపనూనె పూశారంటే చట్టం దృష్టిలో అది ఎర అయిపోతుంది. చూపులో మార్పు లేదు, చేప నోటికి మాత్రం తిండి అయింది. నాకు ఈ నియమం భలే నచ్చింది. రాసినవాడికి చేప ముక్కు గురించి బాగా తెలిసి ఉండాలి.

అలాస్కాలో ఇంకో చిత్రం. అక్కడ గుడ్డులాంటి పూసను దారానికి ఎక్కించి, కొంత దిగువన ఉత్త గాలం కడతారు. ట్రౌట్ పూసను పట్టుకోగానే దారం లాగితే గాలం బయటినుంచి దవడకు గుచ్చుకుంటుంది. పూసకూ గాలానికీ దూరం ఎక్కువైతే కంటికో మొప్పకో తగలవచ్చు. అందుకే పూస గాలానికి రెండు అంగుళాల లోపు బిగించి ఉండాలి, లేదా దారం మీద వదులుగా జారుతూ ఉండాలి అని నియమం పెట్టారు.

నిజమైన గుడ్ల మీద ఇంకో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. ఒకటి రోగం. 2005, 2006లలో అమెరికా మహాసరస్సుల్లో వైరల్ హెమరేజిక్ సెప్టిసీమియా అనే జబ్బుతో చేపలు గుంపులుగా చచ్చాయి. మనుషులకు ఇది సోకదు. జబ్బుపడ్డ ఆడచేప గుడ్ల చుట్టూ ఉండే ద్రవంలో ఈ వైరస్ ఉంటుంది. ఒక సరస్సు గుడ్లు మరో సరస్సులో ఎర అయితే జబ్బుకు బండి కట్టినట్టే. రెండోది మందు. గుడ్లు పాడవకుండా, రంగు పోకుండా కొందరు సోడియం సల్ఫైటు కలుపుతారు. గాలం నుంచి రాలిన అలాంటి గుడ్లను తిని సాల్మన్ పిల్లలే చచ్చిపోతున్నాయని 2009 ప్రాంతంలో ఒరెగాన్ పరిశోధకులు చూపించారు.

మీ బడిలోనో ఇంట్లోనో చేపల తొట్టి ఉంటే ఒక ప్రయోగం చేయండి. చేప నోటికంటే పెద్దవైన రెండు ఎర్ర పూసలు తీసుకుని దారాలకు గట్టిగా కట్టండి. ఒకదాన్ని ఉత్త నీటిలో, రెండోదాన్ని చేపల మేత నానిన నీటిలో అరగంట ఉంచండి. ఒకదాని తర్వాత ఒకటి తొట్టిలోకి దించి, చేప ఎన్నిసార్లు ముట్టిందో, ఎన్ని సెకన్లు వదలకుండా ఉందో గడియారం చూసి రాసుకోండి. పూసలు మార్చి మార్చి కనీసం పదిసార్లు చూడండి. గాలం మాత్రం వద్దు.